నీళ్ళు మోసే పుణ్ణిక అడిగిన ప్రశ్న



జేతవనాన్ని కొని బుద్ధునికి దానం చేసిన అనాథపిండికుడి పేరు మనందరికీ తెలుసు. శ్రావస్తిలో పెద్ద వర్తకుడు. ఆయన ఇంటి నిండా దాసదాసీలు ఉండేవాళ్ళు. అలాంటి ఒక దాసి కడుపున పుట్టింది పుణ్ణిక. ఆ బిడ్డతో ఇంట్లో లెక్క నూరు నిండిందట. అందుకే నిండినది అనే అర్థంలో పుణ్ణ అని పిలిచారని పాలి అట్టకథ చెబుతుంది. పేరు కూడా యజమాని లెక్కలోంచే వచ్చిందన్నమాట.

ఆమె పని నీళ్ళు మోయడం. ఎముకలు కొరికే చలిలో కూడా కుండ పట్టుకుని నీళ్ళలోకి దిగాల్సిందే. దిగకపోతే ఇంటి యజమానురాళ్ళ తిట్లు, దండన. ఆ భయమే ఆమెను రేవుకి నడిపించేది.

అక్కడే ఒక బ్రాహ్మణుడు చలికి గజగజ వణుకుతూ మునకలు వేస్తున్నాడు. పుణ్ణికకు సందేహం వచ్చింది. తానంటే దెబ్బలకు భయపడి దిగుతోంది. తిట్టేవాళ్ళు, కొట్టేవాళ్ళు ఎవరూ లేని ఈయన దేనికి భయపడి దిగుతున్నాడు? అదే అడిగింది.

చూడండి, ఈ ప్రశ్న శాస్త్రాలు చదివితే వచ్చేది కాదు. రోజూ ఆ చలి, ఆ భయం ఒంటి మీద పడ్డ మనిషికే తడుతుంది. ఇవాళ మునిసిపాలిటీ పనిలో ఉన్నా, హాస్టల్ వంటింట్లో ఉన్నా, ఆఫీసులో ఫైళ్ళ మధ్య ఉన్నా, ఎప్పటి నుంచో ఇలాగే జరుగుతోందని పైవాళ్ళు వదిలేసిన దాన్ని ముందుగా పసిగట్టేది ఆ పని చేసే చేతులే. కానీ ఒక దాసి బ్రాహ్మణుణ్ణి అడగడమంటే మాటలా!

తెలిసే అడుగుతున్నావని ఆయన అన్నాడు. చేసిన పాపం స్నానంతో పోతుందని చెప్పాడు. పుణ్ణిక అక్కడితో ఊరుకోలేదు, అలాగని నోరు పారేసుకోనూ లేదు. ఆయన చెప్పిన మాటనే పట్టుకుని ముందుకు నడిపించింది. అసలు ఈ సంగతి ఆయనకు చెప్పిందెవరు? నీళ్ళే శుద్ధి చేస్తే, కప్పలు, తాబేళ్ళు, మొసళ్ళు అన్నీ స్వర్గానికే పోవాలి కదా? దొంగలూ తలారులూ ఒక్క మునకతో బయటపడాలి కదా? పాపాన్ని కొట్టుకుపోయే నది పుణ్యాన్ని మాత్రం వదిలిపెడుతుందా? ఏ పాపానికి భయపడి నీళ్ళలో దిగుతున్నాడో ఆ పాపమే చేయకుంటే చలిలో ఒళ్ళు గడ్డకట్టించుకునే పని ఉండదని తేల్చింది.

ఆయనకు కళ్ళు తెరుచుకున్నాయి. కృతజ్ఞతతో ఒక వస్త్రం ఇవ్వబోయాడు. చలిలో తడిసి నిలబడ్డ మనిషి, ఆ వస్త్రం నీ దగ్గరే ఉంచుకోమంది. త్రిశరణాలు, పంచశీలాలు తీసుకోమంది. తీసుకున్నాడు.

అట్టకథలో ఇంకో మాట ఉంది. పూర్వజన్మల్లో చదువుకున్నానని గర్వపడినందుకే ఈ జన్మలో దాసిగా పుట్టిందట. ఇక్కడ మనం కాస్త ఆగాలి. గతజన్మ కర్మ వల్లే ఈ జన్మలో ఈ స్థితి అనే వాదాన్ని బాబాసాహెబ్ తన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో ఒప్పుకోలేదు. పుణ్ణిక దాసి ఎందుకైందో తెలుసుకోవడానికి గతజన్మల దాకా పోనక్కర్లేదు. ఆమె తల్లిని దాసిగా ఉంచిన ఇల్లు కళ్ళ ముందే ఉంది, అది ఎంత దానశీలి ఇల్లైనా సరే.

దాస్యంలో ఉన్నవాళ్ళకు ప్రవ్రజ్య ఇవ్వకూడదని సంఘ నియమం. కాబట్టి ముందు ఆ సంకెల తెగాలి. బ్రాహ్మణుడి సంగతి విన్నాక అనాథపిండికుడు ఆమెను విడుదల చేశాడు. ఆయన అనుమతితో ఆమె భిక్షుణీ సంఘంలో చేరింది, అర్హంతురాలైంది.

థేరీగాథలో పుణ్ణిక పేరున 16 గాథలు ఉన్నాయి. సంఘంలో అంత ఎత్తుకు ఎదిగాక కూడా, వాటిలో మొదటి గాథ తాను నీళ్ళు మోసేదాన్నని చెప్పుకోవడంతోనే మొదలవుతుంది.