చదివింది ప్రైమరీ వరకే.. బైక్ విప్పి నేర్చుకుని బస్సులు నడిపారు! ఎవరీ జీడీ నాయుడు?

వీకెండ్ వస్తే చాలు, వైజాగ్ నుంచి అరకు రోడ్డు బండ్లతో నిండిపోతుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాకే అసలు పరీక్ష. సౌండ్ వచ్చే సైలెన్సర్, వెడల్పు టైర్లు, ఇంజిన్ రీమ్యాప్.. ఎన్ని పెట్టించినా మలుపులో బండి మాట వినకపోతే ఖర్చంతా వేస్టే. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కుతుంది. దిగేటప్పుడు తక్కువ గేర్‌లో రాకుండా బ్రేక్ మీదే కాలు పెట్టుకుని వస్తే బ్రేకులు కాలిపోతాయి. బండి లోపల ఏం జరుగుతోందో తెలిసినవాళ్లు ముందు బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ చూసుకుని, పవర్ సంగతి ఆ తర్వాత ఆలోచిస్తారు.

ఆ లోపలి సంగతి తెలుసుకోవాలని వందేళ్ల క్రితమే సొంత బండిని ముక్కలు ముక్కలుగా విప్పేసిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయనే జీడీ నాయుడు. పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్లో పుట్టారు. తరాల క్రితం తమిళనాడుకు వలస వెళ్లి, ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకునే నాయుళ్ల కుటుంబం వారిది.

చదువు అస్సలు ఎక్కలేదు. టీచర్ల మీద మట్టి చల్లినందుకు బడి నుంచి పంపేశారని చెబుతారు. ప్రైమరీతోనే చదువు ఆగిపోయింది.

ఒకరోజు ఓ బ్రిటిష్ రెవెన్యూ అధికారి మోటార్ సైకిల్ మీద వెళ్తుంటే చూశారు. రడ్జ్ కంపెనీ బండి. గుర్రం లేదు, ఎద్దు లేదు.. మరి అది ఎలా పరిగెడుతోంది? అంతే, దాని మీదే ధ్యాస. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరారు. టిఫిన్లు అందించి ఏళ్ల తరబడి రూపాయి రూపాయి కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్నాక ఎవరైనా ఏం చేస్తారు? ఊరంతా తిరుగుతారు. నాయుడు మాత్రం దాన్ని పూర్తిగా విప్పేశారు. ఏ భాగం ఎందుకుందో చూసి, మళ్లీ బిగించారు. నేర్పడానికి గురువు లేడు, చూసి నేర్చుకోవడానికి వీడియోలూ లేవు. ఆ విప్పడం, బిగించడంతోనే మెకానిక్ అయిపోయారు.

1920లో ఒక బస్సు కొన్నారు. ఇంగ్లిష్ వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ అందుకు సాయం చేశారు. పొల్లాచ్చి నుంచి పళని వరకు డ్రైవర్ సీట్లో నాయుడే కూర్చునేవారు. తర్వాత కొన్నేళ్లకే ఆయన యూఎంఎస్ బస్సులు దేశంలోనే పక్కాగా నడిచే సర్వీసుల్లో ఒకటిగా పేరు తెచ్చుకున్నాయి. రోడ్డు మధ్యలో బస్సు ఆగిపోతే అటు ప్యాసింజర్ పోతాడు, ఇటు పేరూ పోతుంది. ఇంజిన్ గుట్టు తెలిసిన ఓనర్‌కు ఆ లెక్క ఇంకొకరు చెప్పక్కర్లేదు కదా!

1937లో మరో అడుగు. డి.బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరు పీళమేడులో ఎలక్ట్రిక్ మోటార్ తయారుచేశారు. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటార్‌గా దానికి గుర్తింపు వచ్చింది. ఈరోజు కోయంబత్తూరు అంటే మోటార్లు, పంపులు గుర్తొస్తున్నాయంటే దాని వెనుక ఈ కథ ఉంది.

ఇక చేసిన వస్తువుల సంగతి చెప్పాలంటే చాంతాడంత అవుతుంది. బ్యాటరీతో నడిచే రసాంత్ షేవింగ్ రేజర్, కిరోసిన్ ఫ్యాన్, పళ్ల రసం తీసే మెషీన్, ఓట్లు నమోదు చేసే యంత్రం.. పొలంలో పత్తి, బొప్పాయి మీద కూడా ప్రయోగాలు చేశారు. 1936లో లండన్‌లో ఐదో జార్జి అంత్యక్రియలను సొంత కెమెరాతో ఫిల్మ్ తీశారు! 1945 ప్రాంతంలో ఆయన చొరవతోనే ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాయి. ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నది ప్రైమరీ దాటని ఈ నాయుడే. ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు దండగ, రెండేళ్లు చాలన్నది ఆయన పట్టు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన కుర్చీ వదిలేశారు. ఆ కాలేజీయే ఇప్పటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

అసలు బాధపడాల్సిన విషయం 1952లో జరిగింది. ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు బయటకు తెచ్చారు నాయుడు. ధర 2 వేల రూపాయలు! అప్పట్లో కారంటే జమీందార్లు, పెద్ద ఆఫీసర్ల వస్తువు. మామూలు ఉద్యోగికి కూడా అందే బండి అది. కానీ ఫ్యాక్టరీ పెట్టి కార్లు తయారు చేయాలంటే ప్రభుత్వ లైసెన్స్ కావాలి. నాయుడుకు అది రాలేదు. ప్రొడక్షన్ అక్కడితో ఆగిపోయింది. బండి ఎలా తయారవుతుందో తెలిసిన మనిషిని కాగితం ఆపేసింది. చవక కారు కోసం మధ్యతరగతి జనం 1983 చివర్లో మారుతి 800 వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. నాయుడు కారు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరి ఊహ వారిది.

అన్నట్టు, బండి విప్పే ఉత్సాహం ఉన్నవాళ్లకు కాగితాల బాధ ఇప్పటికీ ఉంది. అయితే ఈసారి కారణం వేరు, సేఫ్టీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండి స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. అరకు ట్రిప్‌కు ముందు గ్యారేజీలో పెద్ద మార్పులు చేయించేవాళ్లు ఆర్టీఓ రూల్స్ ఒకసారి చూసుకోవడం మంచిది.

జీడీ నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన కుటుంబం 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియంలో పాతకాలం కార్లు చూడొచ్చు. ఆ నగరంలోని అవినాశి రోడ్డుపై 10 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఫ్లైఓవర్‌ను 2025 అక్టోబర్‌లో ప్రారంభించి జీడీ నాయుడు పేరు పెట్టారు. మాధవన్ హీరోగా ఆయన బయోపిక్ కూడా తెరకెక్కింది.