సరస్వతీపుత్రుడి ఇంట కనకమ్మ వెలుగు

ప్రొద్దుటూరు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ‘శివతాండవం’ పేరు వినని సాహిత్యాభిమాని అరుదు. ఆ కావ్యకర్త పుట్టపర్తి నారాయణాచార్యుల పేరు ప్రొద్దుటూరులో ఒక కూడలికి స్థిరపడింది. అయితే ఆయన కీర్తి వెనుక నిలిచిన సహధర్మచారిణి కనకమ్మను స్మరించేవారు కొద్దిమందే. ఆ దంపతుల జీవితాన్ని పరిశీలిస్తే నాటి సమాజం ఒక సంసారాన్ని ఎలా తీర్చిదిద్దిందో, ఎక్కడ కట్టడి చేసిందో స్పష్టమవుతుంది.

పెనుకొండలో బాల్యం

పుట్టపర్తి 1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో శ్రీవైష్ణవ కుటుంబంలో జన్మించారు. చిన్ననాటనే తల్లి మరణించారు. పెనుకొండలో పెరిగిన ఆయన సంస్కృతాంధ్రాలతో పాటు సంగీతం, నాట్యం కూడా అభ్యసించారు. ఆచారపరాయణ కుటుంబాలు నాట్యాన్ని చిన్నచూపు చూసే రోజులవి. అక్కడి ఆంగ్లేయ అధికారి సతీమణి పిట్ దొరసాని వద్ద ఆంగ్ల సాహిత్యం చదువుకున్నారు. బాల్యంలోనే ‘పెనుగొండ లక్ష్మి’ రచించారు. అనంతరం తిరుపతి ప్రాచ్య కళాశాలలో విద్యాభ్యాసం సాగించారు. విద్వాన్ పరీక్షకు తాను రాసిన పుస్తకమే పాఠ్యగ్రంథం కావడం ఆయన జీవితంలో ఒక విశేషం.

గడప లోపలి చదువు

మగపిల్లవాడు విద్య కోసం ఊరూరా తిరగగలిగిన ఆ కాలంలో ఆడపిల్ల చదువు ఇంటి గడప దాటేది కాదు. బాలికల వివాహ వయస్సును 14 ఏళ్లుగా నిర్ణయించిన శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ నుంచి అమలైంది. చట్టం వచ్చినా సంప్రదాయ కుటుంబాల్లో పెళ్లి తొందర తగ్గలేదు. పెళ్లితోనే చదువు ముగిసిపోయేది. పండిత వంశాల్లో మాత్రం ఆడపిల్లలకు ఇంటి పెద్దల వద్ద సంస్కృతం నేర్చుకునే అవకాశం ఉండేది. అలాంటి వాతావరణంలో పెరిగిన కనకమ్మ సంస్కృతాంధ్రాలలో కవిత్వం చెప్పగల విదుషీమణి అయ్యారు. వాల్మీకి రామాయణ పారాయణ ఆమెకు నిత్యకృత్యం. భర్తతో కలిసి ‘అగ్నివీణ’ వెలువరించారు.

పండితుని సంసారం

ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో పుట్టపర్తి శివతాండవం రచించారు. వైష్ణవ కుటుంబీకుడు శివుని నాట్యాన్ని కీర్తించడం నాటి మతాభిమానాల నడుమ సాహసమే. అయితే కావ్యకీర్తి కడుపు నింపదు. పాఠశాలల్లో తెలుగు పండితులకు ఇతర ఉపాధ్యాయుల కన్నా తక్కువ జీతాలిచ్చే రోజులవి. పైగా ప్రొద్దుటూరు, కడప, తిరువనంతపురం, ఢిల్లీ అంటూ ఉద్యోగరీత్యా పుట్టపర్తికి తిరుగుడు తప్పలేదు. ఒక దశలో ఆయన ఇల్లు విడిచి హిమాలయాల బాట పట్టారు. రుషీకేశ్‌లో స్వామి శివానంద సరస్వతి ఆయనకు ‘సరస్వతీపుత్ర’ బిరుదు ప్రసాదించారు. పురుషుడు వైరాగ్యంతో బయలుదేరితే లోకం గౌరవించింది. ఇంట పిల్లలను సాకుతూ నిరీక్షించడం ఇల్లాలి ధర్మమని అదే లోకం భావించింది. ఆ బరువును కనకమ్మ మోశారు. పుట్టపర్తి తిరిగి సంసారంలోకి వచ్చి సాహితీ కృషి కొనసాగించారు.

ఒకే ఇల్లు.. రెండు లెక్కలు

పద్నాలుగు భాషల్లో ప్రవేశం, నూటికి పైగా గ్రంథాలు, 1972లో పద్మశ్రీ, ‘జనప్రియ రామాయణం’కు 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం.. పుట్టపర్తి ఖాతాలో ఇలా ఎన్నో. ప్రబంధాలలోని స్త్రీ పాత్రలను పరిశీలిస్తూ ‘ప్రబంధ నాయికలు’ అనే విమర్శ గ్రంథం కూడా వెలువరించారు. కనకమ్మ పేరిట మిగిలిన రచనలు మాత్రం స్వల్పమే. ఆమె ప్రతిభకు లోటు లేదు. లేనిది తీరిక. వంటిల్లు, పిల్లల పెంపకం, అతిథి మర్యాద స్త్రీ వంతేనన్న కట్టుబాటు అటువంటి ఎందరో కవయిత్రుల కలాలను ఆపింది.

ఆ ఇంట మార్పు తరువాతి తరంలో కనిపించింది. పుట్టపర్తి దంపతుల కుమార్తెలు చదువుకొని, సాహిత్యంలో కృషి చేసి, తల్లిదండ్రుల జ్ఞాపకాలను గ్రంథస్థం చేశారు. తల్లికి గడప లోపల దక్కిన విద్య బిడ్డలకు గడప దాటే బలాన్నిచ్చింది.

కనకమ్మ భర్త కన్నా ముందే కన్నుమూశారు. పుట్టపర్తి 1990 సెప్టెంబరు 1న కడపలో పరమపదించారు. ఏటా ఆయన జయంతి, వర్ధంతి సభల్లో శివతాండవం గానం చేసే సాహితీ సంస్థలు కనకమ్మ కవిత్వాన్ని కూడా వేదికపైకి తెస్తే ఆ సంసారం కథ సంపూర్ణమవుతుంది.