సింఫనీ సంచారి థియొడోర్ థామస్

సంగీతాన్ని ఆదరించే ప్రజలు ఉన్నచోట కళాకారుడు రాణించడం సహజం. ఆ ఆదరణ లేనిచోట ముందుగా శ్రోతలను తయారు చేసుకొని, ఆ పిమ్మట వారి కొరకు ఒక సంస్థను నిలబెట్టడం మాత్రం అరుదు. పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో ఈ రెండు పనులనూ సాధించిన థియొడోర్ థామస్ జీవితాన్ని మా విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచినాము.

మన సంగీత సభలో ఒక గాయకుడో వైణికుడో ప్రధానంగా ఉంటాడు. వయొలిన్, మృదంగం ఆయనను అనుసరిస్తాయి. మనోధర్మానికి అక్కడ చోటు ఎక్కువ. పాశ్చాత్యుల సింఫనీ ఆర్కెస్ట్రా పద్ధతి వేరు. అందులో అరవై, ఎనభైమంది వాద్యకారులు స్వరకర్త రాసిన ప్రతులను చూస్తూ ఒకే రచనను కలిసి వాయిస్తారు. వారి ఎదుట నిలిచి, చేతిలోని చిన్న కర్రతో వారిని నడిపించేవాడు కండక్టర్. ఇంతమందికి ఏడాది పొడవునా జీతాలు ఇవ్వడం సామాన్యం కాదు. ఐరోపాలో రాజాస్థానాలు, పట్టణ సంస్థలు ఆ భారాన్ని చాలావరకు వహించాయి. అమెరికాలో అటువంటి ఆశ్రయం లేదు. థామస్ జీవిత పోరాటమంతా ఈ లోటుతోనే.

ఆయన 1835 అక్టోబరు 11న ఉత్తర జర్మనీలోని ఎసెన్స్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి ఆ ఊరి వాద్యకారుడు. 1845లో ఆ కుటుంబం న్యూయార్క్‌కు వలస వెళ్ళింది. కుటుంబం పెద్దది, సంపాదన చాలదు. అందువలన బాలుడైన థామస్ పెళ్ళిళ్ళలోను, నాట్యశాలలలోను ఫిడేలు వాయించి ఇంటికి డబ్బు తెచ్చేవాడు. పదిహేనేళ్ళయినా నిండకముందే ఒంటరిగా దక్షిణ రాష్ట్రాలలో పర్యటించాడు. తన కచేరీ ప్రకటనలు తానే రాసి అతికించుకొనేవాడు. ద్వారం వద్ద టిక్కెట్టు డబ్బు తానే వసూలు చేసి, ఆ తరువాత లోపలికి పోయి ఫిడేలు అందుకొనేవాడు.

1854లో ఆయన న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో వాద్యకారుడుగా చేరాడు. ఆ రోజులలో ఆ సంఘం సంవత్సరానికి కొద్ది కచేరీలు మాత్రమే చేసేది. మిగతా కాలంలో సభ్యులు నాటకశాలలలో, విందులలో వాయించి పొట్ట పోసుకొనేవారు. అభ్యాసానికి అందరూ వచ్చేవారు కాదు. నిత్యం కలిసి వాయించని బృందానికి పరిపూర్ణత రాదని థామస్ గ్రహించాడు. 1862లో స్వయంగా ఆర్కెస్ట్రా కచేరీలు ఆరంభించి, క్రమంగా తన పేరిట ఒక బృందాన్ని ఏర్పరచుకొన్నాడు. ఫిడేళ్ళ కమానులన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదలాలని ఆయన పట్టుబట్టేవాడు.

వాద్యకారులకు ఏడాదంతా పని చూపాలంటే ఒక్క న్యూయార్క్ చాలదు. అందుచేత 1869లో ఆయన బృందాన్ని రైలెక్కించి ఊరూరా తిరగడం మొదలుపెట్టాడు. బోస్టన్, పిట్స్‌బర్గ్, సిన్సినాటి, షికాగో, సెయింట్ లూయిస్ వంటి నగరాలను కలిపిన ఆ మార్గానికి థామస్ రహదారి అనే పేరు వచ్చింది. అనేక పట్టణాలలో జనం పూర్తి ఆర్కెస్ట్రాను వినడం అదే మొదటిసారి. 1883లో ఈ సంచారం పసిఫిక్ తీరాన ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో వరకు సాగింది.

ఆయన బోధనా పద్ధతి గమనింపదగినది. జనానికి తెలిసిన వాల్ట్జ్ నాట్య సంగీతంతో వారిని ఆకర్షించి, నడుమ బీథోవెన్ రచన ఒకటి ఉంచి, చివర మళ్ళీ తేలికపాటి అంశం వాయించేవాడు. శ్రోతలు అలవాటు పడినకొద్దీ గంభీరమైన భాగాన్ని పెంచుతూ పోయేవాడు. అధ్యాపకులమైన మాకు ఈ మార్గం సుపరిచితమే. విద్యార్థికి తెలిసినదానితో మొదలుపెట్టి తెలియనిదాని వద్దకు తీసుకొనిపోవడమే కదా బోధన!

అయితే దెబ్బలు తక్కువేమీ తగలలేదు. 1871 అక్టోబరు 9న షికాగోలో, కొత్తగా అలంకరించిన క్రాస్బీ నాటకశాలలో ఆయన కచేరీ జరుగవలసి ఉన్నది. బృందం చేరేసరికి నగరం తగలబడుతున్నది. నాటకశాల భస్మమైపోయింది. 1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా స్వాతంత్ర్య శతవార్షిక ప్రదర్శన జరిగినప్పుడు, ప్రారంభోత్సవం కొరకు వాగ్నర్ చేత అయిదు వేల డాలర్లకు ఒక రచన చేయించారు. ఆ వేసవిలో అక్కడ థామస్ స్వయంగా ఏర్పాటు చేసుకొన్న కచేరీలకు జనం రాలేదు. అప్పుల కింద ఆయన సంగీత ప్రతుల భాండాగారం వేలానికి వచ్చింది. ఒక మిత్రుడు దానిని కొని, తరువాత ఆయనకే తిరిగి అప్పగించాడు. థామస్ దివాలా ప్రకటించి తప్పించుకొనక, ఏళ్ళ తరబడి శ్రమించి ఆ అప్పులు తీర్చాడు.

1888లో ఆ సంచార బృందం రద్దయింది. మరుసటి సంవత్సరం భార్య మరణించింది. యాభై దాటిన వయసులో ఆయనకు మిగిలినది కీర్తి మాత్రమే. అప్పుడు షికాగో వ్యాపారి చార్లెస్ నార్మన్ ఫే పూనుకొని, నష్టం వస్తే భరించడానికి యాభైమందిని కూడగట్టాడు. ఒక్కొక్కరు మూడేళ్ళపాటు ఏటా వేయి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకొన్నారు. ఆ హామీతో ఏర్పడిన షికాగో ఆర్కెస్ట్రా 1891 అక్టోబరులో తొలి కచేరీలు చేసింది.

ఆయన లోపాలను దాచనక్కర లేదు. స్వభావం కఠినం, రాజీ తెలియదు. 1880లో సిన్సినాటి సంగీత కళాశాల పదవిని అధికారులతో విభేదించి వదిలిపెట్టాడు. 1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. స్వామి వివేకానంద ప్రసంగించిన సర్వమత మహాసభ దానికి అనుబంధంగా జరిగినదే. ఆ ప్రదర్శనకు సంగీత దర్శకుడుగా ఉన్న థామస్ పియానో కంపెనీల తగాదాలో చిక్కుకొన్నాడు. గంభీరమైన కచేరీలకు జనం కూడా పలచబడ్డారు. ఆగస్టులో రాజీనామా చేశాడు.

షికాగో ఆర్కెస్ట్రాకు కూడా ఏటా నష్టమే. వారు వాయించిన ఆడిటోరియం భవనంలో నాలుగు వేలకు పైగా ఆసనాలు. ఎప్పుడు వెళ్ళినా చోటు దొరుకుతుంది గనుక ముందుగా ఏడాది టిక్కెట్లు కొనేవారు తక్కువ. స్వంత భవనం లేనిదే తాను కొనసాగలేనని థామస్ 1903లో స్పష్టం చేశాడు. అప్పుడు జరిగినది ఆశ్చర్యకరం. కొందరు ధనికులే గాక ఎనిమిది వేలమందికి పైగా ప్రజలు చందాలిచ్చారు. ఏడున్నర లక్షల డాలర్ల వరకు పోగయినది. ముప్పై ఏళ్ళుగా థామస్ తయారు చేసిన శ్రోతలు వారిలో ఎందరో ఉండి ఉంటారని మా నమ్మకం.

వాస్తుశిల్పి డేనియల్ బర్న్‌హామ్ రూపొందించిన ఆర్కెస్ట్రా హాలు 1904 డిసెంబరు 14న ప్రారంభమైనది. అందులో థామస్ కొద్ది కచేరీలు మాత్రమే నడిపాడు. జలుబుతో మొదలైన వ్యాధి న్యుమోనియాగా మారి, 1905 జనవరి 4న ఆయన మరణించాడు. జీవితకాలం వెదకిన ఇల్లు ఆయనకు మూడు వారాలే దక్కినది.

అయినను ఆర్కెస్ట్రా ఆగలేదు. ఆయన సహాయకుడు ఫ్రెడరిక్ స్టాక్ ఆ బాధ్యత స్వీకరించి 1942 వరకు నిర్వహించాడు. కొంతకాలం థామస్ పేరుతోనే నడిచిన ఆ బృందం 1913 నుంచి షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా అయినది. నేటికీ ఆ హాలులోనే వాయిస్తున్నది. వ్యక్తి ప్రతిభ మీద మాత్రమే ఆధారపడిన సంచార బృందం 1888లో చెదరిపోయినది. పలువురి చందాల మీద నిలిచిన సంస్థ స్థాపకుని మరణాన్ని కూడా తట్టుకొన్నది. సంస్థలను నడిపే పెద్దలును, వాటిలో చదువుకొనే విద్యార్థులును ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం మేలని మా విన్నపం.