రివర్షన్ కోరుకున్న అధికారి

నా సర్వీసులో ప్రమోషన్ కోసం అర్జీలు పెట్టుకున్నవారిని ఎందరినో చూశాను. నేనూ పెట్టుకున్నాను. రివర్షన్ కావాలని అడిగినవారిని మాత్రం ఎక్కడా చూడలేదు. అలా అడిగిన ఒక మహానుభావుని గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయనే లియొనార్డ్ చెషైర్.

1917లో ఇంగ్లండులో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ పైలటయ్యారు. 1940 నవంబరులో జర్మనీలోని కొలోన్ మీద ఆయన విమానం దెబ్బతిని లోపల మంటలు లేచాయి. అయినా దాన్ని క్షేమంగా వెనక్కి తెచ్చారు. 25 ఏళ్లకే గ్రూప్ కెప్టెన్ హోదా వచ్చింది. కుర్చీలో కూర్చుని మనసు నిలవక, ఒక మెట్టు దిగి, వింగ్ కమాండర్‌గా 617వ స్క్వాడ్రన్‌కు వెళ్లి మళ్లీ విమానమెక్కారు.

1944 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణంలో, జర్మన్లకు పనిచేస్తున్న ఇంజన్ల ఫ్యాక్టరీని కొట్టాల్సి వచ్చింది. రాత్రి షిఫ్టులో ఉన్నది ఫ్రెంచి ఆడవాళ్లు. ఆయన ముందుగా మూడుసార్లు ఫ్యాక్టరీ మీదుగా బాగా కిందుగా ఎగిరి, వాళ్లు బయటపడడానికి వ్యవధి ఇచ్చారు. ఆ తరవాతే గురి చూపించారు.

నూరు దాడులు పూర్తిచేసిన ఆయనకు 1944లో విక్టోరియా క్రాస్ ప్రకటించారు. అది ఏ ఒక్క రాత్రి సాహసానికో కాదు, నాలుగేళ్ల సేవకు.

1945 నవంబరులో రాజు చేతి మీదుగా పతకం తీసుకునేటప్పుడు పక్కన సార్జెంట్ నార్మన్ జాక్సన్ ఉన్నారు. ఎగురుతున్న విమానం రెక్కకు నిప్పంటుకుంటే, ఆర్పడానికి రెక్క మీదికి పాకి, కాలిన చేతులతో శత్రువులకు చిక్కినవాడాయన. ముందుగా ఆయనకే ఇవ్వమని చెషైర్ రాజుగారిని కోరారట. హోదా వరుస తప్పడానికి రూలు ఒప్పుకోలేదు. రూల్స్ సంగతి మనకు తెలియనిదా!

1945 ఆగస్టులో నాగసాకి మీద అణుబాంబు పడినప్పుడు బ్రిటన్ పరిశీలకుడిగా మరో విమానంలోంచి చూశారు. 1946లో సర్వీసు వదిలారు. 1948లో, దిక్కులేక చావుకు దగ్గరైన ఒక క్యాన్సర్ రోగిని తన ఇంట్లో ఉంచుకుని స్వయంగా సేవ చేశారు. ఆ ఇల్లే మొదటి చెషైర్ హోమ్ అయింది. విదేశాల్లో మొదటి హోమ్ మన బొంబాయిలోనే వెలిసింది. 1959లో ఆ ఊళ్లోనే సేవామూర్తి స్యూ రైడర్‌ను పెళ్లాడారు. డెహ్రాడూన్‌లోని రాఫెల్ కేంద్రం ఆ దంపతులు కుష్ఠురోగుల కోసం, మానసిక వికలాంగుల కోసం స్థాపించినదే.

1992 జూలై 31న కన్నుమూశారు. యుద్ధంలో విమానమెక్కింది అయిదేళ్లయినా లేదు. రోగులకు సేవ చేసింది 44 ఏళ్లు. రిటైరయ్యాక ఇంకేముందిలే అనుకునే మన మిత్రులకు, నాతో సహా, ఈ లెక్క ఒక్కసారి చూసుకొమ్మని మనవి.