విక్టర్ హార్స్‌లీ

మదనపల్లెకు చేరువనున్న హార్స్‌లీ కొండను మీలో పలువురు చూచియుందురు. పూర్వము ఏనుగుమల్లమ్మ కొండ యనబడిన దానికి కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర పేరు వచ్చినది. ఇది ఆయన కథ కాదు. అదే ఇంటిపేరుగల శస్త్రవైద్యుని చరిత్రము.

విక్టర్ హార్స్‌లీ 1857లో లండనులో జన్మించెను. తండ్రి పేరెన్నికగన్న చిత్రకారుడు. విక్టరు వైద్యవిద్య నభ్యసించి, 1886లో పక్షవాత రోగులకై లండనులో నెలకొల్పబడిన జాతీయ వైద్యశాలలో శస్త్రవైద్యుడయ్యెను.

ఆ దినములలో వెన్నుపాము జోలికి పోవుటకు వైద్యులు వెఱచుచుండిరి. ఒక సైనికాధికారి వెన్ను బాధతో కాళ్లు చచ్చుబడి మంచము పట్టెను. వెన్నుపామును కణితి నొక్కుచున్నదని గవర్స్ అను వైద్యుడు నిర్ణయించెను. 1887 జూన్ 9వ తేదీన హార్స్‌లీ శస్త్రచికిత్సకు పూనుకొనెను. తెఱచిన చోట కణితి కానరాలేదు. ఆయన అధైర్యపడక, మఱికొంత పైకి ఎముకను తొలగించి చూచెను. కణితి దొరకెను. ఏడాది తిరుగునప్పటికి రోగి చక్కగా నడువసాగెను.

ఇట్టి చికిత్సలకు పెద్ద శత్రువు రక్తస్రావము. కాలికి గాయమైనచో పైన కట్టు బిగించి నెత్తురు నాపవచ్చును. మెడకు అట్లు బిగించినచో ప్రాణమే పోవును. తెగిన రక్తనాళమును దారముతో ముడివేయవచ్చును. ఎముకలోని సన్నని రంధ్రములనుండి ఊరు నెత్తురును ముడివేయుటెట్లు? అది నిలువనిచో వైద్యునికి చోటు కానరాదు. గడ్డకట్టి వెన్నుపామును నొక్కినచో అవయవములు చచ్చుబడును.

హార్స్‌లీ తేనెపట్టు మైనమును బాదము నూనెతో మెత్తపఱచి, క్రిములను చంపు సాలిసిలిక్ ఆమ్లమును కొంచెము చేర్చెను. దానిని ఎముకపై అదిమినంతనే రంధ్రములు పూడి నెత్తురు నిలిచెను. ఈ విధానమును 1892లో లోకమునకు తెలిపెను. కండరపు తునకను అదిమినను రక్తము నిలుచునని పిమ్మట చూపెను.

1902లో ఆయనకు సర్ బిరుదము లభించెను. ఆయన మద్యపానమును ఖండించెను. స్త్రీలకు ఓటుహక్కు కోరెను. మొదటి ప్రపంచయుద్ధమున, భారతీయ సైనికులు పెక్కుమంది పోరాడుచుండిన మెసొపొటేమియాకు వైద్యసేవకై వెడలెను. 1916 జూలై 16వ తేదీన అమారా పట్టణమున వడదెబ్బచే అసువులు బాసెను.

నేడు విద్యుత్తుతో రక్తనాళములను మూయు సాధనములు వచ్చినవి. ఎముక అతుకుటకు అడ్డగునని మైనమును మితముగా వాడుదురు. అయినను అది మూలబడలేదు. చేతనున్న అల్పవస్తువుతో గొప్ప ఆపదను తప్పించిన ఆ వివేకము మనకు ఆదర్శము.