తెరేజమ్మ పెద్దదైన రాత్రి

సిలువను, గులాబీలను గుండెకు హత్తుకొని నిలిచిన చిన్న తెరేజమ్మ స్వరూపాన్ని మీరు మన గుడులలో చూసే ఉంటారు. ఆ పునీతురాలు 13 ఏళ్లు వచ్చే వరకు ఎంత ఏడుపుగొట్టు పిల్లో మీకు తెలుసా?

1873 జనవరి 2న ఫ్రాన్సు దేశంలోని అలాన్సోన్ పట్టణంలో పుట్టింది. నాలుగున్నరేళ్లకే తల్లి జేలీ కన్నుమూసింది. తండ్రి లూయీ మార్టిన్ గారు ఐదుగురు ఆడపిల్లలతో లిసియో పట్టణానికి మారారు. కడగొట్టు బిడ్డ కాబట్టి అందరికీ గారాబమే. ఆమె పక్క సర్దే పని కూడా అక్క సెలీన్‌దే. ఎప్పుడైనా తానొక పని చేస్తే, మెచ్చుకోలేదని ఏడ్చేది. ఏడ్చినందుకు మళ్లీ ఏడ్చేది.

1886 క్రిస్మస్. అర్ధరాత్రి పూజ ముగించుకొని ఇల్లు చేరారు. చలిమంట గూటి దగ్గర పెట్టిన బూట్లలో పిల్లలకు కానుకలు ఉంచడం అక్కడి ఆచారం. బాగా అలసిన తండ్రి, ఈ ముచ్చట ఈ ఏటితో సరి, అదే మేలు అని విసుక్కున్నారు. టోపీ తీసి పెట్టడానికి మేడమెట్లెక్కుతున్న తెరేజ చెవిన ఆ మాట పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడే కిందికి వెళ్లవద్దని సెలీన్ వారించింది. కాని ఆమె కన్నీళ్లు దిగమింగి, గబగబా దిగి వచ్చి, కానుకలు ఒక్కొక్కటే తీసి నవ్వుతూ తండ్రికి చూపింది. ఆయన విసుగు ఎటో పోయింది. తల్లి పోయిననాడు పోగొట్టుకున్న మనోబలం ఆ రాత్రి తిరిగి దొరికిందని ఆమె తర్వాత రాసుకుంది.

మన ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఓణీ వేసి, బంధువులను పిలిచి భోజనాలు పెడతాం. తెరేజ పెద్దదైన రాత్రి విందూ లేదు, బంధువులూ లేరు. పక్కనున్న సెలీన్ కూడా కలగంటున్నానేమో అనుకుంది.

ఆడపిల్ల నోరు మూసుకొని ఓర్చుకోవాలని చెప్పడానికి ఈ కథను వాడుకునే పెద్దలు ఆ మరుసటి ఏడాది సంగతి కూడా చదవాలి. 1887లో, 14 ఏళ్ల వయసులో, కార్మెల్ మఠంలో చేరతానని తండ్రిని అడిగింది. ఆయన ఒప్పుకున్నారు. మఠం బాధ్యత చూసే గురువు ఒప్పుకోలేదు. బయ్యూ మేత్రాణులను కలవడానికి వెళుతూ, పెద్దదానిలా కనబడాలని మొదటిసారి జుట్టు పైకెత్తి ముడి వేసుకుంది. (నాకు ఆ ముడి అంటే ఎంతో ముచ్చట.) అక్కడా మాట తేలలేదు. నవంబరు 20న రోములో, ఎవరూ మాట్లాడరాదని ఆజ్ఞ ఉన్నా, 13వ లియో పాపుగారి పాదాల వద్ద మోకరించి తన మనవి చెప్పుకుంది. పెద్దలు చెప్పినట్లు చేయమన్నారు ఆయన. ఆమె ఇంకా అడుగుతూనే ఉంటే కావలివారు లేవదీసి పంపించారు.

అనుమతి ఆ ఏడాది చివరికి గాని రాలేదు. 1888 ఏప్రిల్ 9న మఠం వాకిట, దీవెన కోసం తెరేజ తండ్రి ఎదుట మోకరిల్లింది. లూయీ గారు తామూ మోకాళ్లూని, కన్నీళ్లతో బిడ్డను దీవించారు.