మన రిజిస్టర్లలోని వాట్ గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరారు. కరెంటు ఆఫీసులో గుమాస్తాగా ముప్పై ఏళ్ళకు పైగా కిలోవాట్లు, మెగావాట్లు రాసిన చేయి నాది. అందుకే ఆ వాట్ గారి గురించే రాస్తున్నాను.

జేమ్స్ వాట్ 1736 జనవరి 19న స్కాట్లాండులోని గ్రీనాక్ రేవు పట్టణంలో జన్మించారు. చిన్నప్పుడు ఆరోగ్యం అంతంతమాత్రమే. మా బాసరలో అమ్మవారి ఎదుట పిల్లలకు అక్షరాలు దిద్దిస్తారు; ఆయనకు ఇంట్లో తల్లే దిద్దించింది. లండనులో ఏడాదిపాటు కొలత పరికరాల పని నేర్చుకొని, 1757లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నారు.

ఆవిరియంత్రాన్ని ఆయనే కనిపెట్టారని మేము బడిలో చదువుకున్నాం. అది సరికాదు. న్యూకొమెన్ యంత్రం 1712 నుండే గనుల్లో నీళ్ళు తోడుతోంది. దాని నమూనా ఒకటి వాట్ గారి దగ్గరికి మరమ్మతుకు వచ్చింది. ప్రతిసారీ సిలిండరును చన్నీళ్ళతో చల్లార్చి మళ్ళీ వేడిచేయడం వల్లనే బొగ్గంతా వృథా అవుతోందని ఆయన గ్రహించారు. ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చాలనే ఉపాయం 1765లో తట్టింది. 1769లో పేటెంటు వచ్చింది.

అసలు కష్టాలు అక్కడే మొదలయ్యాయి. ఆలోచన ఉంది, దానికి తగ్గ సిలిండరు లేదు. మా గోదావరి ఒడ్డు రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆయిలింజను సిలిండరు అరిగితే పొగ తప్ప బలం రాదు. లేత్ షాపుకు తీసుకుపోయి బోరు చేయించాల్సిందే. న్యూకొమెన్ యంత్రంలో పిస్టను మీద నీళ్ళు పోసి సందులు కప్పేవారు. వాట్ గారి సిలిండరు వేడిగానే ఉండాలి, నీళ్ళు పోయడానికి లేదు. నూనె గుడ్డలు కుక్కి చూశారు, కాగితం గుజ్జు పెట్టి చూశారు. ఆవిరి ఆగలేదు. పొట్టకూటికి కాలువల సర్వే పనులు చేశారు. 1773లో భార్య మార్గరెట్ కన్నుమూసింది. పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీశాడు. 1774లో బర్మింగ్‌హామ్‌ చేరి, మాథ్యూ బౌల్టన్ అనే కార్ఖానాదారునితో కలిశారు.

దారి చూపినవాడు ఇనుప కార్ఖానా యజమాని జాన్ విల్కిన్సన్. అంతవరకు సిలిండరు తొలిచే కడ్డీకి ఒక కొసనే ఆధారం. రెండో కొస బరువుకు వంగి, పోతలోని వంకరవెంటే పోయేది. విల్కిన్సన్ 1775లో సిలిండరును కదలకుండా బిగించి, కడ్డీని ఆ కొస నుండి ఈ కొసకు దూర్చి రెండు వైపులా ఆధారమిచ్చాడు. 50 అంగుళాల వ్యాసంలో ఎక్కడా పాత షిల్లింగు బిళ్ళ మందమంత తేడా లేదని బౌల్టన్ సంతోషించాడు. 1776లో యంత్రాలు నడిచాయి. పదకొండేళ్ళు ఆగిన పని! హైదరాబాదు రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లో తయారయ్యే టర్బైన్ల వంటి పెద్ద యంత్రభాగాలను తొలిచే బోరింగు మిషన్లకు మూలం ఆ కడ్డీయే. కొలత మాత్రం బిళ్ళ మందం నుండి మిల్లీమీటరులో వందో వంతుకు దిగింది.

ఆ స్నేహం చివరిదాకా నిలవలేదు. విల్కిన్సన్ పేటెంటు సొమ్ము చెల్లించకుండా చాటుగా యంత్రాలు చేసి అమ్ముకున్నట్లు 1790లలో బయటపడింది. దొంగతనం దొంగతనమే గాని, ఆ కడ్డీ లేకుంటే వాట్ గారి పేరు మన రిజిస్టర్లకు ఎక్కేదా అని నాకు అనుమానం.

1800లో ఆయన వ్యాపారం నుండి విరమించుకున్నారు. మనలా పింఛను లెక్కలు చూసుకుంటూ కూర్చోలేదు. అటకమీది గదిలో శిల్పాలకు నకళ్ళు చెక్కే యంత్రం తయారు చేస్తూ గడిపారు. 1819 ఆగస్టు 25న, 83వ ఏట, గతించారు. 1882లో శక్తి ప్రమాణానికి ఆయన పేరు పెట్టారు. పనిముట్లతో సహా ఆ అటకగదిని లండను సైన్సు మ్యూజియంలో భద్రపరిచారు.